బండి ఱ మోయు మాటలు

ఈ రజతోత్సవ సభయందలి ప్రసంగమునకు విషయ మొక యక్షరము.

వర్ణమాల దిద్దినవారెల్లరును దాని నెఱుగుదురు. క్షకారమునకు పిమ్మట, వరుస కట్టకడపట నిలుచునది ఱకారము. లాక్షణికులు దానిని శకటరేఫమనిరి. శకటమనగా బండి గాన వాడుకలో బండి ఱ అయినది. పిల్లలు పలకమీద దానిని దిద్దుదురు. పెద్దలైన పిదప దానితో పని పడదు. పూర్వము ఱకారమునకు రకారముకంటె బరువైన పలుకు వేఱుగా నుండెడిది. నేడు తెలుగువారి నోట నా భేదము వినబడదు. తమిళ మలయాళములు వ్రాతలో దానిని నేటికిని నిలుపుకొన్నవి, కన్నడము విడిచినది.

పలుకే పోయినపుడు అక్షరమెందులకని అడుగువారు గలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చాల మాటల విషయమున సమాధానము కూడ వారి పక్షముననే యున్నది. గుఱ్ఱము, గొఱ్ఱె, కఱ్ఱ, బఱ్ఱె - వీనిని సాధారణ రేఫముతో వ్రాసినను గుఱ్ఱము గుఱ్ఱముగనే యుండును. బోధనులో 1937లో నెలకొల్పబడి 2015లో మూతపడిన చక్కెర కర్మాగారమునకు బండ్లకెత్తి తోలినది పాత వ్రాతలో చెఱకు, క్రొత్త వ్రాతలో చెరకు. అక్షరము మాఱినందున తీపి తగ్గలేదు, తూకమును తగ్గలేదు.

చిక్కంతయు జంటమాటలయందే యున్నది.

ఊరు అనగా గ్రామము. ఊఱు అనగా చెమ్మ లోపలినుండి మెల్లగా వెలికి వచ్చుట, లేక నానుట. బావిలో జల ఊఱును. జాడిలో మామిడికాయ ఊఱును. తలచినంతనే నోట నీరూఱును. ఊఱగాయ యనగా ఊఱిన కాయ. దానిని ఊరగాయయని వ్రాయ మొదలిడిన పిదప, ఊరిలో కాచిన కాయ గాబోలునని యర్థము చెప్పు పిల్లవానిని తప్పుపట్టుటకు వీలులేదు. వానికి కనబడిన అక్షరము అదియే. ఊరేగింపు మాత్రము ఊరిదే.

నీరు త్రాగునది. నీఱు బూడిద, నిప్పు ఆఱిన పిదప మిగులునది. నీఱు గప్పిన నిప్పు అను నానుడిని పెద్దలెఱుగుదురు. పైకి బూడిద, లోపల కణకణలాడు నిప్పు అని దాని భావము. బండి ఱ తీసివేసి చదివినచో నీరు గప్పిన నిప్పగును. నీరు గప్పిన పిదప ఇంకెక్కడి నిప్పు? ఒంటినిండ నీఱు పూసికొన్న శివుని గూర్చి చదువునపుడు, బాలుడు అభిషేకజలమని తలచుట సహజము.

ఏఱు నది. ఏరు నాగలి, ఎడ్లతో గూడిన నాగలి. జ్యేష్ఠ పూర్ణిమను ఏరువాక పున్నమి యందురు. తొలకరి పడగనే నాగలికి పసుపు కుంకుమలు పెట్టి దున్నుట కారంభించు పండుగ అది. దానికిని ఏటికిని సంబంధము లేదు. పోచంపాడు చుట్టు గ్రామములవారికి ఏఱనగా గోదావరియే గాన ఇచ్చట ఆ పొరపాటు మఱింత సులభము. ఏటిలో వఱద రాకున్నను ఏరువాక సాగును, వాన పడిన చాలును.

తక్కినవి త్వరగా చెప్పవచ్చును. వేరు చెట్టుది, వేఱు అనగా మఱియొకటి. అర సగము, అఱ గది. తీరు పద్ధతి, తీఱు ముగియుట. మీరు గౌరవవాచకము, మీఱు హద్దు దాటుట. ప్రౌఢముగా నుండునని ఆహ్వానపత్రికయందు ఎల్లచోటుల బండి ఱ వేయువారును కొందఱు గలరు. అట్టివారి పత్రికలో 'మీఱు తప్పక రావలెను' అని యుండును. అక్షరమును వదలివైచుటకంటె అది హెచ్చు ప్రమాదము.

మఱికొన్ని మాటలయందు ఈ యక్షరము చుట్టఱికమును చూపును. చెఱ అనగా నిర్బంధము. చెఱువు అనగా కట్టవేసి నిలిపిన నీరు. తమిళమున చిఱై అను నొక్క మాటకే చెఱసాల యనియు, నీటికి వేసిన కట్ట యనియు అర్థములు గలవు. అందుచే భాషావేత్తలు చెఱను, చెఱువును ఒక్క కుటుంబమున చేర్తురు. మంజీరపై 1931 నాటికి పూర్తియైన కట్టడము నిజాంసాగరమైనది. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు పిదప శ్రీరామసాగరమైనది. సాగరమనగా సముద్రము, సముద్రమునకు ఎవ్వరును కట్ట వేయలేదు. పేరు సముద్రముది, పని చెఱువుది.

ఇంగ్లీషువారు ఈ చిక్కును వేఱొకరీతి తీర్చుకొనిరి. వారి భాషలో రాత్రి నైట్, కవచము తొడిగిన యోధుడును నైట్. యోధుని మాటకు ముందు కె అను అక్షరమును వ్రాయుదురు, పలుకరు. పూర్వము పలికెడివారు. పలుకు పోయినను వ్రాతలో నిలుపుటచే, చదువరి యోధుని చూచి రాత్రి యనుకొనడు.

తెలుగున ప్రాచీన కవులు రెండు రేఫములను ప్రాసయందు కలుపరైరి. ప్రాసయనగా పద్యపాదములన్నిటను రెండవ యక్షరమున ఒక్కటే హల్లు నిలుపుట. పిమ్మటివారు కొందఱు కలిపివైచిరి. ఏ మాటకు ఏ రేఫమో లక్షణకర్తలు పట్టికలు కూర్పవలసి వచ్చెను. చెవికి తెలియుచున్నంతకాలము పట్టికతో నెవరికిని పని యుండదు. అప్పటికే పలుకు చెడినదనుటకు ఆ పట్టికలే సాక్ష్యము. కవిత్రయమున మూడవవాడు ఎఱ్ఱన పేరులోనే ఈ యక్షరమును జంటగా మోయుచున్నాడు.

నేటి ఉత్తరములయందు, లెక్కలయందు బండి ఱ వ్రాయవలెనని పట్టుపట్టుట వృథా. భారత భాగవతముల ముద్రణ వేఱు సంగతి. పాత గ్రంథమును నేటి వ్రాతకు మార్చి అచ్చువేసినపుడు నీఱు నీరైపోవును. చదువరికి తాను పోగొట్టుకొన్నదేమో తెలియనే తెలియదు. శబ్దరత్నాకరమువంటి నిఘంటువు ఈ రెంటిని వేఱువేఱు పదములుగ చూపును గాని, పుటలో అక్షరమే మాఱిపోయినపుడు చదువరి నిఘంటువు తెఱచుట యెందులకు?

కావున గ్రంథాలయమునకు క్రొత్తగా కావ్యములు కొనువారు, వెల చూచుటకు ముందు నాలుగు పుటలు తిరుగవేయుట మంచిది. ఎచ్చటనైన చెఱువు అను మాట కనబడును. అందు బండి ఱ యున్నదో లేదో చూచినచో, ఆ ప్రతి యెట్టిదో తెలిసిపోవును.