వ్యాయామమును గూర్చిన కొన్ని అపోహలు



గ్రంథాలయ రజతోత్సవమున వ్యాయామ ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. తాలింఖానా వేరు, పఠనాలయము వేరు అను భావము మనలో పాతుకొని యున్నది. కాని నేను వ్యాయామోపాధ్యాయుడ నగుటచే, ఇచ్చట పత్రికలు చదువ వచ్చు పెద్దలు నన్ను తరచుగా అడుగు ప్రశ్నలు దీనిని గూర్చినవే.

"మాకు పొలముపని యుండగా వేరే వ్యాయామమెందుకు?" అనునది మొదటి ప్రశ్న. ఇది సగము నిజము. దినమెల్ల బరువులు మోయు కూలీని తెల్లవారి లేచి పరుగెత్తుమనుట అవివేకము. ఆతనికి కావలసినవి మంచి తిండియు, విశ్రాంతియు. అయితే నేడు ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము కోయుచున్నది, గట్టు వరకు మోటారుసైకిలు పోవుచున్నది. పొలము మనది, శ్రమ యంత్రముది.

లండను నగరపు మేడబస్సులను గూర్చి జెరెమీ మోరిస్ అను వైద్యుడు, ఆయన సహచరులు 1953లో ఒక పరిశోధన ప్రకటించిరి. కూర్చుండి బస్సు నడపు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడెను. డ్రైవర్లు ఉద్యోగమున చేరునాటికే కొంత లావుగా నుండిరని, యూనిఫారపు నడుము కొలతలనుబట్టి పిమ్మట తేలినది. కనుక తేడా యంతయు మెట్ల మహిమయే యనరాదు. అయినను తరువాతి పరిశోధనలు పెక్కు ఆ దారినే చూపినవి.

సాధన మానినచో కండ కొవ్వుగా మారుననుట వట్టిమాట. రెండును వేర్వేరు ధాతువులు. మానినవాని కండ సన్నగిల్లును, తిండి మాత్రము తగ్గదు. అందుచే కొవ్వు చేరును. చెమట పట్టినంత కొవ్వు కరుగుననుటయు అట్టిదే; పోయినది నీరు, చెంబెడు నీళ్లు త్రాగిన మరల వచ్చును.

ఆడువారు బరువులెత్తిన మగవారివలె అగుదురని, సంతానము కలుగదని భయపడు తల్లులున్నారు. ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ వనిత ఆమెయే. మరుసటి సంవత్సరమే ఆమె తల్లియు నయ్యెను.

ఇక అన్నిటికంటె హాని చేయు మాట యొకటి కలదు. "అరువది దాటినవి, కృష్ణా రామా యనుకొనక వ్యాయామమేమి?" వయస్సుతో తొడకండలు క్షీణించును. రాత్రివేళ పెరటిలోనికి పోవుచు పడుదురు, తుంటియెముక విరుగును, పిమ్మట మంచమే గతి. అట్టి ఇండ్లు మీరెరుగుదురు. 1990లో అమెరికాలోని బోస్టనునందు తొంబది యేండ్ల ప్రాంతపు వృద్ధులు పదిమందిచే, వైద్యుల పర్యవేక్షణలో, ఎనిమిది వారములు కాళ్లతో బరువులెత్తించిరి. పూర్తిచేసిన తొమ్మండుగురి కాలిబలము సగటున 174 శాతము పెరిగినది. తొంబదియవ యేట!

మనకు బరువులక్కరలేదు. గట్టి కుర్చీని గోడకానించి, చేతులూనకుండ లేచి కూర్చుండుడు. మొదట అయిదుసార్లు, క్రమముగా పదిసార్లు. మొదటి దినములలో ఇంటివారెవరైన ప్రక్కన నిలువవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది వారమునకు కనీసము 150 నిమిషములు చురుకైన నడకవంటి శ్రమ, దానితో రెండు దినములు కండబలమునకై సాధన. నడిచిన మోకాళ్లు అరుగునని జంకువారు చాలమంది. మోకాలు బండి ఇరుసు కాదు. చుట్టునున్న కండ బలపడిన కొలది దానికి ఆసరా హెచ్చును. కీళ్లవాతము గలవారికి సయితము మితమైన నడకయు, తొడల సాధనయు నొప్పిని తగ్గించును.

మరునాడు కండలు కొంచెము సలుపుట సహజము. కీలులో పోటువంటి నొప్పి, ఛాతీలో బిగువు, తల తిరుగుట, మితిమీరిన ఆయాసము తోచినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. ఇన్సులిన్ తీసుకొను మధుమేహరోగులు నడకకు పోవునపుడు కొంచెము పంచదార పొట్లము కట్టి వెంటనుంచుకొనవలెను.