ఫొటో ప్రింటర్ కొనేముందు

ఇంట్లోనే ఫొటోలు ప్రింట్ తీసుకుందామని ప్రింటర్ కొనేవారు ముందు దాని ధర చూస్తారు. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. కార్ట్రిడ్జ్ ఇంక్‌జెట్ చవగ్గానే దొరుకుతుంది, ఇంకే ఖరీదు. పైగా నెలల తరబడి వాడకపోతే ప్రింట్ హెడ్‌లోని సన్నని రంధ్రాల్లో ఇంకు ఎండిపోతుంది. అప్పుడు ఫొటోలో ఆకాశం మీద తెల్లటి గీతలు పడతాయి. వాటిని పోగొట్టడానికి క్లీనింగ్ ఆప్షన్ నొక్కితే, ఒక్క ఫొటో రాకుండానే ఇంకు తగ్గిపోతుంది. తరచూ ప్రింట్లు తీసే ఇంటికి మాత్రం, మొదట ఎక్కువ పెట్టినా, ఇంక్‌ట్యాంకు ప్రింటర్ కలిసొస్తుంది.

పండక్కో పుట్టినరోజుకో నాలుగు ఫొటోలు ప్రింట్ తీసేవారికి డై-సబ్లిమేషన్ ప్రింటరే మేలంటాను. అది రిబ్బన్ మీది పసుపు, మెజెంటా, సయాన్ రంగులను ఒకదాని తర్వాత ఒకటి వేడితో కాగితంలోకి దించి, పైన రక్షణ పొర వేస్తుంది. 4×6 అంగుళాల ఫొటో నిమిషం అటూఇటుగా, తడి లేకుండా చేతికొస్తుంది. ఇంకు ఎండే బెడద లేదు. రిబ్బన్, కాగితం కలిపి ప్యాక్‌గా అమ్ముతారు కాబట్టి ఒక్కో ఫొటోకి ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. కాకపోతే ఇంట్లో వాడే రకాల్లో పెద్ద సైజులు రావు.

ఇంక్‌జెట్ ఉన్నవారు తొందరపడి డ్రాఫ్ట్ మోడ్‌లో ఫొటోలు ప్రింట్ తీయకండి, రంగులు వెలవెలబోతాయి. ఏడాదికి పది ఫొటోలు చాలనుకుంటే, స్టూడియోలో వేయించుకోవడమే చవక.