తన్ను తగ్గించిన తూటా

(వార్షిక సర్వసభ్య సమావేశంలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా అనుభవాల గురించి ఓ పావుగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నయాగరా జలపాతం గురించి ఈ వేదిక మీదే మీరు నాలుగైదుసార్లు విని ఉంటారు. కనుక నేను తుపాకీ తూటా గురించి చెబుతాను. కంగారు పడకండి. నేను శాకాహారిని, జన్మలో తుపాకీ పేల్చలేదు. కానీ ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో వెర్నియర్ పట్టుకున్న చేతులు కదా, ఎక్కడ కొలత కనిపిస్తే అక్కడ ఆగిపోతాయి.

2022లో మేమిద్దరం పెన్సిల్వేనియాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాం. పక్కింటాయనకు డెబ్భై రెండేళ్లు. యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ల గరాజ్‌లో బల్ల, వైస్, వరసగా పెట్టిన పనిముట్లు చూసి నేనే వెళ్లి పలకరించాను. ఆయన ఆ బల్ల మీద తన రైఫిల్‌కు తూటాలు తానే తయారు చేసుకుంటాడు. అక్కడ అది చట్టసమ్మతమైన అలవాటు.

ముందుగా అక్కడి వేట గురించి రెండు మాటలు. 1900 ప్రాంతంలో అమెరికాలో తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు పడిపోయాయి. వేటకు కట్టుబాట్లు పెట్టాక మళ్లీ పెరిగి, ఇప్పుడు సుమారు మూడు కోట్లు ఉంటాయని అంచనా. వాటిని తినే తోడేళ్లు చాలా రాష్ట్రాల్లో లేవు. జింకలు మితిమీరితే అడవిలో మొలక మిగలదు, రోడ్డు మీద కార్లకు అడ్డం పడతాయి. అందుకని లైసెన్సు ఇచ్చి, తేదీలు పెట్టి, లెక్క ప్రకారం వేటాడనిస్తారు. 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళుతుంది. పెన్సిల్వేనియాలో 2019 నుంచి థాంక్స్ గివింగ్ పండుగ తర్వాతి శనివారం నాడు రైఫిల్ వేట మొదలవుతుంది. తలకు, ఛాతీకి, వీపుకి కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు బట్ట ఉండాలి.

మా పక్కింటాయనకు కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఆయన రైఫిల్ 1906లో అమెరికా సైన్యం కోసం వచ్చిన థర్టీ ఆట్ సిక్స్ రకం. గట్టిగా తన్నుతుంది. ఆ తన్నుకు భయపడి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఆయనకు తెలియకుండానే కళ్లు మూసుకుపోయేవట, చెయ్యి అదిరేదట. అంతకు ముందు ఏడాది అలాగే గురి తప్పి గుండు జింక పొట్టకు తగిలింది. అది పరుగెత్తింది. నెత్తుటి చుక్కలు పట్టుకుని చీకటి పడేదాకా వెతికాడు. దొరకలేదు. ఆ సంగతి చెబుతూ ఆయన పని ఆపేసి కాసేపు ఊరుకున్నాడు. "చంపడం వేరు, బాధపెట్టి వదిలేయడం వేరు. ఇక మానేద్దామనుకున్నాను" అన్నాడు.

మానకుండా ఆయన చేసిన పని ఏమిటంటే, తుపాకీ తన్నును తగ్గించాడు.

న్యూటన్ మూడో సూత్రం మనం హైస్కూల్లో చదివిందే. గుండు, దాని వెనకే మండిన మందు వాయువు ముందుకు పోతే తుపాకీ వెనక్కి వస్తుంది. ఆయన మామూలు తూటాలో గుండు 180 గ్రెయిన్లు, అంటే సుమారు పదకొండున్నర గ్రాములు. వేగం సెకనుకు 820 మీటర్లు. మూడున్నర కిలోల పైచిలుకు తుపాకీతో లెక్క వేస్తే భుజానికి తగిలే శక్తి దాదాపు 27 జౌళ్లు వచ్చింది. రెండుంపావు, రెండున్నర కాదు, రెండుముప్పావు కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ! గుండును 125 గ్రెయిన్లకు, వేగాన్ని 700 మీటర్లకు దించి, దానికి తగ్గట్టు మందు తగ్గిస్తే అది సుమారు 10 జౌళ్లకు వస్తుంది. అంటే కిలో బరువు పడినంత. ఈ లెక్క నేను, ఆయన కాఫీ తాగుతూ ఒకే కాగితం మీద వేశాం.

ఇక తయారీ. పేలిన తూటాలో మిగిలేది ఇత్తడి గొట్టం. పేలినప్పుడు అది ఉబ్బుతుంది కనుక అచ్చులోకి నొక్కి మళ్లీ కొలతకు తెస్తారు. అడుగున ఉన్న పాత ప్రైమర్‌ను సూదితో నెట్టేస్తారు. పొడవు వెర్నియర్‌తో చూసి, ఎక్కువైతే కోస్తారు. మెడ దగ్గర చిన్న పగులున్నా పారేస్తారు. కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తారు. ఇక్కడ ఒక తమాషా. అమెరికాలో వాడే ప్రైమర్ బాక్సర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి పద్ధతి. యూరప్‌లో ఎక్కువగా చెల్లింది బెర్డన్ అనే అమెరికన్ పద్ధతి. ఇంటి కోడలు పొరుగూరు, పొరుగూరి కోడలు మన ఊరు అన్నట్టు! బాక్సర్ పద్ధతిలో రంధ్రం సరిగ్గా మధ్యలో ఒక్కటే ఉండటం వల్లనే సూదితో నెట్టడం వీలవుతుంది.

మందు తగ్గించడమే కదా, అందులో ప్రమాదం ఏముందని నేనూ అనుకున్నాను. అక్కడే ఉంది అసలు ప్రమాదం. నెమ్మదిగా మండే మందును మరీ తక్కువ పోస్తే అది గొట్టంలో పలచగా పరుచుకుని, ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగి తుపాకులు పగిలిన సందర్భాలున్నాయి. లేదా గుండు గొట్టం మధ్యలోనే ఇరుక్కుంటుంది. దాని వెనక రెండోది పేలిస్తే గొట్టమే చీలుతుంది. త్వరగా మండే మందైతే గొట్టంలో సగం ఖాళీగా ఉంటుంది కనుక, పొరపాటున రెండుసార్లు పోసినా పట్టేస్తుంది. అందుకని కంపెనీ ఇచ్చిన పుస్తకం దాటకూడదు. హాడ్జ్‌డన్ కంపెనీ వారి హెచ్ 4895 అనే మందుకు, పుస్తకంలోని గరిష్ఠ మోతాదులో 60 శాతం కంటే తగ్గకూడదని వారే రాసి ఇచ్చారు. అన్ని మందులకూ ఆ వెసులుబాటు లేదు. బి.పి. మాత్ర సగానికి విరిచి వేసుకునే ముందు డాక్టరును అడిగే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

ఆయన క్రమశిక్షణ చూడవలసిందే. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బాయే ఉండాలి. రేడియో ఉండదు, కబుర్లుండవు. నేనూ నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. గ్రెయిన్‌లో పదో వంతు, అంటే ఆరున్నర మిల్లీగ్రాముల దాకా తూకం. యాభై గొట్టాలు చెక్క దిమ్మలో నిలబెట్టి, టార్చిలైటుతో ఒక్కొక్కదాని లోపలికీ చూసి, మందు అన్నింటిలో ఒకే ఎత్తులో ఉంటేనే గుండ్లు బిగిస్తాడు. పెట్టె మీద తేదీ, మోతాదు రాస్తాడు. తరువాత సబ్బుతో చేతులు కడుగుతాడు, సీసం కదా.

తన్ను తగ్గిన దానికి మూల్యం లేకపోలేదు. వేగం మరీ తగ్గితే గుండు జింక ఒంట్లో విచ్చుకోదు, ప్రాణం వెంటనే పోదు. కనుక తక్కువ వేగానికే విచ్చుకునే గుండు ఎంచుకోవాలి, దగ్గరి నుంచే కొట్టాలి. ఆయన తనకు తాను నూరు గజాల హద్దు పెట్టుకున్నాడు. గుండు కొంచెం కిందికి తగులుతుంది కనుక గురి కూడా మళ్లీ సరిచూసుకున్నాడు. సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం కాగితం మీద సాధన. దూరంగా ఎంత పెద్ద కొమ్ముల జింక కనిపించినా పేల్చనని ఇంట్లో వాళ్లందరి ముందూ అన్నాడు.

ఆ శనివారం తెల్లవారకముందే వెళ్లాడు. నేను వెళ్లలేదు, చూడగలననిపించలేదు. మధ్యాహ్నం కారు చప్పుడు వినిపించి బయటికి వచ్చాను. దూరంగా ఒకటి కనిపిస్తే వదిలేశాడట. తరువాత డెబ్భై గజాల్లో వచ్చినదాన్ని ఒక్క తూటాతో కొట్టాడు. అది పది అడుగులు కూడా పోలేదు. ఆయన నాతో అన్నది ఒకే మాట: "ఈసారి కళ్లు మూసుకోలేదు."

ఇంటికి వెళ్లి ప్రయత్నిద్దామని ఎవరైనా అనుకుంటారేమో! మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. జింకను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా తెలంగాణకు మచ్చల జింక, ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక రాష్ట్ర జంతువులు. మనం వాటిని చూసి సంతోషించడం వరకే.

నేను తెచ్చుకున్నది వేట కాదు. వచ్చాక నా స్కూటర్ అమ్మేసి, మార్కెట్‌కు నడిచి వెళుతున్నాను. ఒక సంచీ మోసే చోట రెండుసార్లు వెళ్లి వస్తున్నాను. మా ఆవిడ ఇక్కడే ఉంది, కావాలంటే అడగండి.