చేతికి అందాల్సిన కాగితం

(కూర్మన్నపాలెం స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మనం తలుచుకుంటున్న పెద్దాయన వేదికల మనిషి కాదు. షోకాజ్ నోటీసు పట్టుకుని ఎవరొచ్చినా ముందు తేదీ చూసేవారు, ఆపైన సంతకం, ఆ తర్వాతే సంగతి. ఎంక్వయిరీలో కార్మికుడి తరఫున మాట్లాడే కో-వర్కర్‌గా మన పక్కన కూర్చునేవారు. అందుకే ఇవాళ కార్మికుడి చేతికి అందాల్సిన ఆ కాగితం చరిత్రే చెబుతాను.

1859 నాటి చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని జైల్లో పెట్టొచ్చు. కూలీని ఉన్నపళంగా తీసేసిన దొరను అడిగేవాడు లేడు. ఆ చట్టం పోవడానికి 1925 దాకా పట్టింది.

1946లో స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది. ఏది తప్పో, విచారణ ఎలా జరపాలో రాసి, కార్మికులకు తెలిసిన భాషలో గేటు దగ్గర బోర్డు మీద పెట్టమంది. ఆ బోర్డులు ఇవాళ ఏ స్థితిలో ఉంటాయో మీకు నేను చెప్పాలా?

రాత ఉన్నంత మాత్రాన విచారణ సవ్యంగా జరగదు. బెంగాల్లో మీంగ్లాస్ టీ ఎస్టేట్ గొడవలో, ఘటనకు సాక్షులమన్న అధికారులే విచారణకు కూర్చున్నారు. కంపెనీ తరఫున ఒక్క సాక్షినీ పిలవకుండా, నిందపడ్డ కార్మికులనే ప్రశ్నించారు. అది విచారణే కాదని 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. మన విశాఖ ఉక్కు సంస్థ ఆర్.ఐ.ఎన్.ఎల్. పుట్టిన 1982లోనే సస్పెన్షన్‌లో ఉన్నవారికి జీవన భృతి చట్టంలోకి వచ్చింది: మొదటి 90 రోజులు సగం జీతం, ఆపైన జాప్యం కార్మికుడి వల్ల కాకపోతే ముప్పావు. పస్తులుండి ఎంక్వయిరీలో వాదించుకోవడం ఎవరి తరం?

అసలు ఘట్టం మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసు. ఎంక్వయిరీ ఆఫీసరు నివేదిక నేరుగా పై అధికారి బల్ల మీదికి వెళ్ళేది. అందులో ఏముందో కార్మికుడికి డిస్మిసల్ ఆర్డరుతోపాటు గాని తెలిసేది కాదు. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ శిక్ష విషయంలో రెండో నోటీసు తీసేసింది కదా, ఇక నివేదిక ఎందుకివ్వాలన్నది యాజమాన్యాల వాదం. 1993 అక్టోబరు 1న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ ముడి విప్పింది. శిక్ష ఎంతన్నది వేరు, తప్పు చేశాడా లేదా అన్నది వేరు. ఆ రెండోది తేల్చకముందే నివేదిక చేతికివ్వాలి, జవాబు వినాలి. రూల్సులో లేకున్నా, కార్మికుడు అడగకున్నా, సంస్థ సర్కారుదైనా ప్రైవేటుదైనా సరే. 1990 నవంబరు 20 తర్వాతి శిక్షలకే ఇది వర్తిస్తుందన్నారు. నివేదిక ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు, దానివల్ల నష్టం జరిగిందని చూపాలి అని కూడా అన్నారు. ఈ మెలికే నాకు మింగుడుపడదు. చూడని కాగితం వల్ల తనకేం నష్టమో కార్మికుడు మొదటే ఎలా చెబుతాడు?

ఇక మన ఉక్కు ప్లాంటు గేటు దగ్గరికొద్దాం. పర్మనెంటు ఉద్యోగికి చార్జిషీటైనా వస్తుంది. కాంట్రాక్టు కార్మికుడికి ఉదయం షిఫ్టుకొచ్చాక గేట్ పాస్ పనిచేయదు, అంతే. కాంట్రాక్టరునడిగితే ప్లాంటు మీదికి, ప్లాంటునడిగితే కాంట్రాక్టరు మీదికి నెడతారు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ సస్పెన్షన్ విచారణ మామూలుగా 90 రోజుల్లో ముగియాలంది, బాగానే ఉంది. కాని స్టాండింగ్ ఆర్డర్ల హద్దును వంద మంది నుంచి మూడొందలకు పెంచింది. చిన్న కాంట్రాక్టర్ల మనుషులు ఆ హద్దుకు బయటే.

కాబట్టి వచ్చే చర్చల్లో యూనియన్లు ముందుగా అడగాల్సింది ఇదీ: పాస్ ఆపితే ఆ రోజే తేదీ, కారణం, ఆపిన అధికారి హోదా రాసి, సంతకంతో కార్మికుడి చేతికివ్వాలి.