మన మాటకు మార్కులెందుకు రావు?

(దళితవాడలో చదువుకుంటున్న యువకుల కోసం పెట్టిన తరగతిలో మాట్లాడిన ప్రసంగ పాఠం)



ఈ పూట సైన్సు మాటల గురించి మాట్లాడుకుందాం. కూలి రేటు గురించో, శ్మశానం దారి గురించో చెప్తారనుకుంటే పలకా బలపం ఎత్తుకున్నారేంది అని పెద్దోళ్ళు అనుకోవచ్చు. కాసేపు ఓపిక పట్టండి. ఈ మాటల దగ్గర మన పిల్లలు ఫెయిలవుతున్నారు. మన మనుషులు చచ్చిపోతున్నారు కూడా.

మేము బడికి పోయే రోజుల్లో సైన్సు సారు ఒకాయన 'జడత్వం' అని బోర్డు మీద రాశాడు. అంటే ఏంది సార్ అని అడిగితే వెనక బెంచీ వైపు చెయ్యి చూపించి, "అదిగో, కదలకుండా కూర్చున్నారే, అదే జడత్వం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో కూర్చునేది ఎవరమో మీకు చెప్పనక్కర్లేదు. ఆగి ఉన్న బండిని ఎద్దులు ఒక్కసారిగా లాగితే పైన కూర్చున్నోడు వెనక్కి పడతాడు. పరుగెత్తే బండి ఠక్కున ఆగితే ముందుకు తూలతాడు. ఉన్న స్థితిని వస్తువు తనంతట తాను మార్చుకోదు, జడత్వమంటే ఇంతే. బండెక్కని పిల్లవాడు ఆ క్లాసులో ఒక్కడూ లేడు. ఆ ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. మాకు మాత్రం తిట్టు దక్కింది.

పుస్తకం నిండా ఇట్లాంటి మాటలే. ద్రవాభిసరణ, ఉత్ప్రేరకం, విద్యుద్విశ్లేషణ, కిరణజన్య సంయోగక్రియ. ఇవి ఎవరింట్లో మాట్లాడే మాటలు? 1961లో కేంద్రం శాస్త్ర సాంకేతిక పదాల కమిషన్ పెట్టింది. దేశమంతా ఒకే తీరు మాట ఉండాలని సంస్కృతం వేర్ల వైపు చూశారు. మన దగ్గర 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. తెలుగులో కాలేజీ పుస్తకాలు దొరికాయంటే ఆ పని వల్లనే, కాదనం. జనంలోకి పోయి మాటలు ఏరినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయం మాటలు సేకరించి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది. ఆ మాటలు పదకోశంలోనే ఉండిపోయాయి గానీ మన పిల్లల సైన్సు పాఠంలోకి నడిచి రాలేదు.

వాడలో ఏం సైన్సుంది అంటారు. లంద ఉంది. పచ్చితోలుకు ముందు ఉప్పు పట్టిస్తారు. ఉప్పు తోలులోని నీళ్ళను బయటికి లాగుతుంది, నీరు తగ్గితే కుళ్ళు పట్టదు. పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు పొర దాటి నీళ్ళు పోవడమే ద్రవాభిసరణ. తర్వాత సున్నపు నీళ్ళలో నానేస్తే వెంట్రుకల కుదుళ్ళు వదులవుతాయి. గీకి, కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్ళలో వేస్తారు. తంగేడు చెక్కలోనూ కరక్కాయలోనూ టానిన్లు అనే పదార్థాలున్నాయి. అవి తోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని బిగిస్తాయి. పచ్చితోలు కుళ్ళడం, పదును చేసిన తోలు ఏళ్ళ తరబడి నిలవడం అందుకే. ఇది రసాయన శాస్త్రం కాకపోతే మరేంది? చెక్క ఎంత వెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు మార్చాలో లందలో చెయ్యి పెట్టి చెప్పే తాతలు మనకుండేవాళ్ళు. వాళ్ళను పట్టుకుని ఊరు 'లంద కంపు' అంది. మన పనిముట్టు పేరు వాళ్ళకు తిట్టయింది. మళ్ళీ పోయి లందలో దిగమని చెప్పడం లేదు సుమా! ఆ పని వదిలినోడు మంచిపనే చేశాడు. దాంతోపాటు మన తాతల తెలివిని కూడా ఎందుకు వదులుకోవాలని మేము అడుగుతున్నాం.

పల్లె మాట శాస్త్రానికి పనికిరాదనే సార్లను ఒక్కటి అడుగుదాం. జంతుశాస్త్రంలో ప్రపంచమంతా 'బాండికోటా' అని రాసే జాతి ఏది? మన పందికొక్కే. తెలుగు మాటే ఇంగ్లీషోళ్ళ నోట బాండికూట్ అయింది. 1873లో శాస్త్రనామమైంది. గట్లు తవ్వి ధాన్యం మోసుకుపోయే పందికొక్కు పేరుకు రాని మైల లంద పేరుకు ఎట్లా వచ్చింది?

ఇక ప్రాణం మాట. సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి ఎవర్ని దించుతారు? అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు ఉంటుంది. గాలి కన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. కొంచెముంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. బాగా ఎక్కువైతే వాసనే తెలీదు, ముక్కు మొద్దుబారిపోతుంది. "కంపు పోయింది, ఇంక దిగొచ్చు" అనుకున్నోడు దిగి పడిపోతాడు. వాణ్ణి లాగుదామని దిగిన తమ్ముడూ పడిపోతాడు. ఒకరి వెనక ఒకరు పోతున్నారంటే కారణం ఇదే. ఈ సంగతి రసాయన శాస్త్రం పుస్తకంలో ఉంది, దిగేవాడి చెవిలో లేదు. దీనికి నోరు తిరగని సంస్కృతం పేరు పెట్టే పని మాకొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే ఉంచి, "ముక్కును చంపి మనిషిని చంపే గాలి" అని పక్కన చెప్పండి, చాలు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాటలు కూడా నోటికి రావాలి.

2021లో ఇంజనీరింగు తెలుగులోనూ చెప్పొచ్చని అనుమతి వచ్చింది. సంతోషం. ఏ తెలుగులో అన్నదే మా ప్రశ్న. ఆక్సిజన్‌ను ఆక్సిజన్ అనే రాయండి, రేపు ఎక్కడికి పోయినా అదే పనికొస్తుంది. ఇంగ్లీషు పేరు మనకు అంటరానిది కాదు. వివరం మాత్రం బండి, లంద, తూము, తాపీ తెలిసిన పిల్లలకు అర్థమయ్యేట్టు ఉండాలి.

వచ్చే తరగతికి ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు తెండి. మీ ఇంటి ముసలివాళ్ళ పని మాటలు, ఆ పని చేసే తీరు రాసుకురండి. డప్పు కాచేవాణ్ణి అడగండి, చాలినంత కాగిందని ఎట్లా తెలుస్తుందని. ట్యాంకుల పనికి పోయేవాళ్ళ ఇళ్ళు మన వాడలో ఎన్నున్నాయో కూడా రాసుకురండి. ముందు ఆ ఇళ్ళకు పోదాం.