ఏరు చూపించే ఉద్యోగం



ఈవేళ చేపల గురించి మాట్లాడతాననగానే మీలో సగంమంది పులుసు కాబోలు అనుకొని కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని వుంటారు. మిగతా సగం, మన యింటా వంటా లేనిది మనకెందుకని లేవబోతూ వుంటారు. ఇద్దరూ కూర్చోండి. నేను చెప్పబోయే చేపను ఎవరూ వండరు. పట్టుకొని, బరువు చూసి, ఫోటో తీసుకొని, మళ్ళీ ఏట్లో వదిలేస్తారు. ఈ సంగతి మొదటిసారి మా అత్తగారికి చెప్పినప్పుడు ఆవిడ చాట పక్కన పెట్టి, “వదలడానికా అంత డబ్బు తగలేసి వెళ్ళారూ?” అన్నారు. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి. పుస్తెలమ్మి పులస తినాలనే ఊళ్ళో పెరిగినావిడకు పట్టిన చేపను వదలడమంటే చేతికొచ్చిన జీతం మురిక్కాలవలో వేసినట్లే గదా!

అయితే నా మాట చేప గురించీ కాదు, పట్టే దొర గురించీ కాదు. ఆ దొరను పుట్టిలో కూర్చోబెట్టుకొని, ఏ మడుగులో గాలం వేయాలో చెప్పి, గాలం రాళ్ళలో చిక్కుకొంటే నీళ్ళలోకి దిగి విడిపించే మనిషి గురించి. ఇంగ్లీషువాళ్ళు ఆ మనిషిని ‘గిల్లీ’ అంటారు. మన పిల్లలాడే గిల్లీ దండా కాదు సుమండీ! స్కాట్లండు కొండల్లో వేటకూ చేపలకూ వచ్చే ప్రభువుల వెంట సామాను మోస్తూ తిరిగే కుర్రవాడికి అక్కడి పాత భాషలో వున్న పేరట. ఆ మాట సముద్రాలు దాటి వచ్చి కర్ణాటకలో కావేరి ఒడ్డున స్థిరపడింది.

మేము కొన్నేళ్ళు బెంగుళూరులో వున్నాం. అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, శివనసముద్రం జలపాతానికి దిగువన, మేకెదాటుకు ఎగువన, కావేరి అడవి మధ్యగా పోయేచోట భీమేశ్వరి అని ఒక మకాం వున్నది. దొడ్డమకళి, గాలిబోరె అని అలాంటివే మరి రెండున్నాయి. ఆ ఏటిలో వుండే మహసీరు చేప ప్రపంచంలో గాలం పట్టేవాళ్ళందరికీ తెలుసు. అక్కడివాళ్ళు ‘బిళి మీను’ అంటారు, అంటే తెల్లచేప. కావేరిలో కలిసే కబిని నదిలో 1946లో ఒకాయన గాలానికి 120 పౌండ్ల చేప పడింది. మన లెక్కలో 54 కిలోల పైమాటే. పెళ్ళీడు పిల్ల బరువనుకోండి! స్వాతంత్ర్యం వచ్చాక ఆ చేపలన్నీ అయిపోయాయనే అనుకొన్నారు. 1970ల చివర ఇంగ్లండునుంచి ముగ్గురు కుర్రవాళ్ళు వచ్చి, పెద్ద చేపలు ఇంకా వున్నాయని పట్టి చూపించాక మళ్ళీ దొరల రాకపోకలు మొదలైనాయి. వాళ్ళతోపాటే ఈ ఉద్యోగమూ వచ్చింది.

1996లో మావారి కంపెనీకి ఇంగ్లండునుంచి ఒక అతిథి వచ్చాడు. ఆయనకు చేపల పిచ్చి. మూడు రోజులు భీమేశ్వరి తీసుకువెళ్ళే భారం మావారి మీద పడింది. ఒక్కళ్ళూ వెళ్ళలేక నన్నూ లాగారు. నాకు కన్నడం వచ్చు. అందువల్ల ఆ మూడు రోజులూ దొర మాట గైడుకూ, గైడు మాట దొరకూ చేరవేసే పని నాదయింది. లేకపోతే ఈ కథ నాకెక్కడ తెలుస్తుంది?

మా గైడుకు నలభై యేళ్ళుంటాయి. నల్లగా, బక్కగా, అరిపాదాలు మాత్రం చెప్పుల అట్టలంత మందంగా వున్న మనిషి. నన్ను ‘అమ్మావ్రే’ అని పిలిచేవాడు. మొదటి సాయంత్రమే నాకు తెలిసిన సంగతేమంటే, రేపటి ఎర వాళ్ళావిడ చేస్తుందని. ఎర అంటే వానపాము కాదు, రాగిపిండి! నీళ్ళు పోసి గట్టిగా పిసికి, ఉండలు చేసి, ఉడకబెట్టి, మళ్ళీ పిసుకుతారు. నిమ్మకాయంత ఉండ గాలానికి గుచ్చితే, ప్రవాహంలో పదినిమిషాలున్నా విడిపోకూడదు. అట్లా అని రాయిలాగ వుంటే చేప ముట్టదు. ముద్ద కుదరడమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? “ఇంట్లో ముద్ద మెత్తబడితే నోరు మూసుకొని తింటాడు. ఏట్లో మెత్తబడితే మాత్రం నన్ను తిడతాడు” అన్నది ఆవిడ.

తెల్లవారుజామున అయిదింటికి పుట్టి ఎక్కాం. కృష్ణలో, తుంగభద్రలో తిరిగే పుట్టి మనలో చాలామంది చూసే వుంటారు. వెదురు బద్దల బుట్ట, అడుగున తోలు. ఇప్పుడైతే ప్లాస్టిక్ పట్టా. అందులో దొర, నేను, మావారు, తెడ్డు పట్టుకొని అతను. తెడ్డు వేస్తున్నాడన్న మాటేగాని చూపంతా నీళ్ళ మీదే. రెండు పాయలు కలిసేచోట నీటి రంగు మారుతుందట. పెద్ద బండ వెనక నీరు నిలకడగా వుంటుంది, చేప అక్కడ వుండి ప్రవాహంలో కొట్టుకొచ్చే తిండికోసం చూస్తుందట. ఎగువన నీళ్ళు వదిలితే రాత్రికి రాత్రి ఏరు జానెడు పెరుగుతుంది, ఆ రోజిక చేప ఎర ముట్టదు. ఇవన్నీ అతనికెవరు నేర్పారు? తండ్రి. ఆ తండ్రి ఏం పని చేసేవాడని అడిగితే కాస్త సిగ్గుపడ్డాడు. తోటా పేల్చి చేపలు పట్టేవాడట. తానూ కుర్రతనంలో పేల్చాడట. పేలిస్తే పెద్దదీ చిన్నదీ, గుడ్డుతో వున్నదీ అన్నీ తెల్లగా తేలేవి. సగం ఏరుకొనేవారు, సగం కొట్టుకుపోయేవి. అక్కడి గైడులలో పలువురు మొదట దొంగచాటుగా చేపలు పట్టినవాళ్ళే. చేప ఎక్కడుంటుందో దొంగకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? ఆ తెలివికే జీతం యిచ్చి కాపలా పెట్టారన్నమాట. నన్నడిగితే ఆ ఆలోచన ఎవరిదోగాని మంచి ఆలోచనే.

మొదటి రోజు చేప పడలేదు.

రెండో రోజూ పడలేదు. ఇక్కడే నాకా ఉద్యోగం కష్టం అర్థమయింది. ఎండ దొర నెత్తిమీద ఎంతో అతని నెత్తిమీదా అంతే. కాని దొర సెలవు మీద వచ్చాడు, ఇతను పనిమీద వచ్చాడు. మొదటిరోజు సాయంత్రం “పోనీలే, రేపు చూద్దాం” అన్న మనిషి రెండోరోజు మధ్యాహ్నానికి “ఇతనికి పని తెలుసా?” అని నన్నడిగాడు. నేను ఆ మాట మార్చి, “ఇంకో మడుగు చూద్దామంటున్నారు” అని చెప్పాను. అతనికి ఇంగ్లీషు రాదన్నమాటేగాని ముఖాలు చదవడం వచ్చు. ఏమీ అనకుండా తెడ్డు తిప్పాడు. మన యింట్లో చుట్టాలొచ్చిన రోజునే పాలు విరిగితే, పాలవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. కాఫీ ఇచ్చిన మనల్ని చూస్తారు. అదిగో, ఆ చూపే అది! చేప ఆకలికి పూచీ ఆ మనిషిది. దానిమీద జీతం చిన్నది, ఇంటి ఖర్చులో పెద్దభాగం అతిథి ఇచ్చే బక్షీసే. చేప పడితే బక్షీసు, లేకపోతే కరచాలనం. పైగా పని యేడాది పొడుగునా వుండదు. వానలు పడి ఏరు ఎర్రబడితే దొరలు రారు. అప్పుడు కూలికి పోవాలి.

ఆ రోజే గాలం బండల మధ్య చిక్కుకుంది. నేను అడ్డం చెప్పేలోపలే అతను చొక్కా విప్పి నీళ్ళలోకి దిగాడు. అంతకుముందు పావుగంట క్రితమే ఎదుటి ఒడ్డున రాయిమీద ఎండ కాగుతున్న మొసలిని వేలు పెట్టి మాకు చూపించిన మనిషి! నేను ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాను. నలభై దాకా వచ్చాక తల పైకి వచ్చింది. చేతిలో గాలం, ముఖాన నవ్వు. “అది ఇటు రాదు అమ్మావ్రే, దానికి నేను తెలుసు” అన్నాడు. వాళ్ళావిడకు చెప్తానన్నాను. నవ్వు పోయింది.

ఆ రాత్రి ఆవిడే నాతో చెప్పింది, ఇంటిపై పెంకులు సగం పగిలిపోయాయని, వానలలోపల మార్చకపోతే పిల్లలతో ఒక మూలన కూర్చోవాలని. ఈ దొర మీదనే ఆశ పెట్టుకొన్నారు.

మూడోరోజు ఉదయం ఏడున్నర ప్రాంతంలో రీలు గిరగిర తిరిగింది. ఆ తర్వాతి అరగంట నేను సరిగా చెప్పలేను. చేప ఏటివాలుగా పరుగెత్తింది, మా పుట్టి దాని వెనకాల. అతను ఒక్క తెడ్డుతో బండల మధ్యనుంచి పుట్టిని తప్పిస్తూ, దారం తెగకుండా దొరకు చేత్తో సైగలు చేస్తూ, ఒకటే కేకలు. చివరకు లోతు తక్కువచోట దిగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి దాన్ని లేవనెత్తినట్లు పట్టుకున్నాడు. ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమితే వచ్చే రంగు చూడండి, ఆ రంగు పొలుసులు, ఒక్కొక్కటీ నా అరచేతిలో సగం. నలభై పౌండ్లు దాటుతుందన్నాడు.

దొర సంతోషానికి అంతులేదు. చేపను గుండెలకెత్తుకొని, బండ మీద నిలబడి ఫోటో తీయించుకోవాలన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు. అతనికి వచ్చిన ఇంగ్లీషంతా అప్పుడే బయటికి వచ్చింది: “నో సార్. వాటర్ సార్, వాటర్.” నన్ను చెప్పమన్నాడు. అరగంట పెనుగులాడి అలిసిన చేప, నీళ్ళలోనే వుంచి ఊపిరి అందనిస్తే బతుకుతుంది. ఎండలో ఎత్తి నిలబెడితే వదిలినా వెల్లకిలా తేలుతుందని. చెప్పాను. దొర ఒక్క నిముషమే అన్నాడు. ఇతను చేతులు తీయలేదు. మావారు నా వంక చూశారు, నేను ఏటివంక చూశాను. ఆ క్షణాన నాకు మాత్రం పగిలిన పెంకులే కనిపిస్తున్నాయి. చేప ఏమైతేనేం, ఎత్తనివ్వవయ్యా మగడా అని నోటిదాకా వచ్చింది కూడా!

చివరికి దొరే మోకాళ్ళలోతు నీళ్ళలో కూర్చుని ఫోటో తీయించుకొన్నాడు. చేప నిదానంగా తోక ఆడించి వెళ్ళిపోయింది. దొర కరచాలనం చేసి కారెక్కాడు. అంతే.

మావారు జేబులోంచి నోట్లు తీయబోతే, “చేప మీరు పట్టలేదు గదా సార్” అని నమస్కారం పెట్టాడు. నేను ఊరుకోలేదు. వెనక్కి వెళ్ళి వాళ్ళావిడ చేతిలో పెట్టాను. ఆవిడ లెక్కపెట్టుకొని కొంగున ముడి వేసుకుంది. మర్యాదలు మగవాళ్ళవి, కురిసే ఇల్లు ఆడవాళ్ళదీనూ.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఆ ఉద్యోగం ఇప్పుడక్కడ లేదు. ఆ అడవిని 1987లోనే అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేట కిందికే వస్తుందని, 2012 తరువాత ఆ మకాంలలో చేపల ఆట ఆగిపోయింది. చట్టం మాట తప్పని నేననను. సరదాకు ఒక జీవిని గాలానికి గుచ్చడమేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కాని గైడులు పుట్టిలో తిరుగుతున్నంతకాలం తోటా పేల్చేవాడికి భయముండేదని ఆ ఊళ్ళవాళ్ళంటారు. అదీ కొట్టివేయలేను.

ఇంకొక్క విశేషం. గాలిబోరె మకాంలో ఏ రోజు ఎన్ని గంటలు గాలం వేశారు, ఎంత చేప పడిందీ పుస్తకంలో రాసుకొనేవారు. 1998నుంచి 2012దాకా వున్న ఆ లెక్కలు శాస్త్రజ్ఞుల చేతికి వచ్చాయి. చూస్తే, మొత్తం చేపలు పెరిగాయి. కాని పెరిగింది వేరే చోటునుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీరు. ఆ నదిలోనే పుట్టిన మూపు మహసీరు, ఎత్తయిన వీపుది, దాదాపు కనబడకుండా పోయింది. పడినవన్నీ ముసలివి, పెద్దవి; పిల్లలు లేవు. మనుమలు లేని ఊరిలాగ. ఇంతా చేస్తే ఆ చేపకు 2018దాకా శాస్త్రంలో సరైన పేరే లేదు! ఆ యేడే దాన్ని టార్ రెమాదేవి అని గుర్తించారు, ఆ యేడే పూర్తిగా అంతరించే ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చారు.

2014లో ఒకసారి ఆ దారిన వెళ్తూ వాళ్ళింటికి వెళ్ళాను. అతను సెలవులకొచ్చే పిల్లలను పుట్టిలో తిప్పుతున్నాడు. పిల్లలు చేపేదని అడిగితే చూపించడానికి లేదని చెప్పి, “నీళ్ళు చూపిస్తున్నా అమ్మావ్రే” అన్నాడు. కొడుకు బెంగుళూరులో కారు నడుపుతున్నాడు. ఏరు నేర్చుకోలేదు. నేర్చుకొని ఏం చేస్తాడన్నది వాళ్ళావిడ.

గోడమీద దేవుడి పటాల పక్కన, నేను పోస్టులో పంపిన ఫోటో అద్దం కట్టించి పెట్టారు. దొర తల సగమే వచ్చింది. చేప వీపు, నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున కాస్త వణికినట్లు రెండు నల్లటి చేతులు. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఆ చేతులే చూపిస్తుందట.

నేను తలెత్తి పైకప్పు చూశాను. పెంకులే. మళ్ళీ రెండుచోట్ల మార్చాలంటున్నది.