ఎందుకు మానేశావని అడిగే ముందు

 

మన ఉత్తరాంధ్ర పెద్దలు ‘రంగం’ అని పిలిచిన ఊరే మయన్మార్‌లోని నేటి యాంగోన్. ఒకప్పుడు మనవాళ్లు కూలిపనికి ఓడెక్కి వెళ్లిన ఆ రేవు ఈరోజు నర్సింగ్ పట్టా అందుకుంటున్న మీకు ఒక పాఠం చెబుతుంది.

మయన్మార్‌లో 76 వేల మందికి హెచ్‌ఐవీ మందులు తక్షణం కావాలని, వాళ్లలో అయిదో వంతుకైనా అందడం లేదని 2008లో ఎంఎస్‌ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ లెక్క తేల్చింది. యాంగోన్‌లో ఫ్యూ ఫ్యూ థిన్ అనే కార్యకర్త హెచ్‌ఐవీ రోగులకు నీడనిచ్చినందుకు ఎన్నో వేధింపులు పడ్డారు. 2010 నవంబరులో ప్రజాస్వామ్య నేత ఆంగ్ సాన్ సూకీ ఆ ఆశ్రయాన్ని చూసి వెళ్లిన మర్నాడే అధికారులు రోగుల్ని ఖాళీ చేయమన్నారు. లోకం గోల పెట్టాక వెనక్కి తగ్గారు. ఎయిడ్స్ చికిత్సకు డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్ 2005లో దేశం వదిలి వెళ్లింది; అది 2011లో తిరిగొచ్చాక మందుల సరఫరా పెరిగింది.

మందు ఊరికి వచ్చినా, ఆడమనిషి దాకా రావాలిగా! ఆమెకు పరీక్ష చాలాసార్లు కడుపుతో ఉన్నప్పుడే జరుగుతుంది. భర్త కంటే ముందు ఆమె రిపోర్టే బయటపడుతుంది, నిందా ఆమెకే చుట్టుకుంటుంది. పొట్టకూటికి ఒళ్లమ్ముకునే ఆమెకైతే అక్కడి 1949 నాటి వ్యభిచార నిరోధక చట్టం భయం కూడా తోడు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ‘బతికి ఏం లాభం’ అనిపిస్తుంది. మాత్రలు ఆగిపోతాయి. మన రిజిస్టరులో మాత్రం ‘ఫాలోఅప్‌కు రాలేదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాం. ఆమె మానేయడం మొండితనం కాదు, చాలాసార్లు డిప్రెషన్. దానికీ చికిత్స ఉంది.

అందుకే తోడొచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? దీనికి ల్యాబ్ అక్కర్లేదు. అవునంటే నీతులు చెప్పకుండా మానసిక వైద్యుడి దగ్గరికి పంపండి. వెళ్లిందో లేదో కనుక్కోండి. హెచ్‌ఐవీ చికిత్స లేకుంటే బిడ్డకు సోకే ముప్పు 15 నుంచి 45 శాతం దాకా ఉంటుందని, మందులు వాడితే 5 శాతం లోపుకు దిగుతుందని చెప్పండి. ఆ అంకె ఆమెకు ధైర్యం.

రాని మనిషికి ఫోన్ చేయాల్సివస్తే ఆమె ఇచ్చిన నంబరుకే, ఆమె చెప్పిన వేళకే చేయండి. ఇంకెవరైనా ఎత్తితే జబ్బు పేరు ఎత్తకండి. మన దేశపు 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ రహస్యం ఆమెది. మీరు దాన్ని కాపాడితేనే ఆమె మళ్లీ గడప తొక్కుతుంది.